వాగ్దాన కార్డు, బకింగ్‌హామ్ కాలువ

అయ్యగార్లకు, అమ్మగార్లకు, సంఘ పెద్దలకు ప్రభువు నామంలో వందనాలు. భోజనాలయ్యాక నాకు మైకు ఇచ్చారు. ఎవరికైనా కునుకు పడితే ఆ తప్పు సాంబారన్నానిదే, నాది కాదు.

పోయిన మార్చిలో ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలోని ఒక సోదరుడు మెట్ల దగ్గర నా కోసం నిలబడ్డాడు. చెత్త బండి మీద పని చేసే మనిషి. చొక్కా జేబులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో వాగ్దాన కార్డు. కొత్త సంవత్సరానికి వాగ్దానంగా ఒక్కో బైబిల్ వచనం వేసి, డిసెంబరు 31 రాత్రి మనం బుట్టలో పెట్టి, ఒక్కొక్కరినీ తియ్యమంటామే, అదే. అతనికి ద్వితీయోపదేశకాండము 28:13 వచ్చింది. నిన్ను తలగా నియమిస్తాను, తోకగా కాదు అనే మాట. కవరులో పెట్టినా చెమటకు అంచులు మెత్తబడిపోయాయి. జనవరి నెలాఖరుకి కాంట్రాక్టు చేతులు మారి అతని పని పోయింది. "అయ్యగారూ, నాకు వేరేవాళ్ల కార్డు వచ్చిందేమో" అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు.

తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి పంపించేశాను. అంతకంటే ఏం చెప్పాలో తోచలేదు. ఆ రాత్రి నా ప్రసంగాల నోట్‌బుక్కులు ముందేసుకుని కూర్చున్నాను. టెన్షన్ జయించడం, పిల్లల చదువులు, అప్పుల నుంచి విడుదల, ద్వారాలు తెరుచుకోవడం. వాక్యాలన్నీ బైబిల్లోవే. కానీ ఒక్కో ప్రసంగానికీ ఒకే ప్రశ్న వేసుకున్నాను. యేసు చనిపోకపోయినా, తిరిగి లేవకపోయినా ఈ ప్రసంగం ఇలాగే చెప్పగలిగేవాణ్ణా? చాలా వాటికి జవాబు, చెప్పగలిగేవాణ్ణే. చివర్లో "ఆమేన్" ఒక్కటి మారిస్తే ఏ కోచింగ్ సెంటర్ వేదిక మీదైనా సరిపోతాయి.

సువార్త అంటే మనకు బయటివాళ్ల కోసం అని అలవాటైపోయింది. ఉజ్జీవ కూటాల్లో మూడో రోజు రాత్రి చెబుతాం, చేతులెత్తిస్తాం, బాప్తిస్మం ఇస్తాం. తర్వాత వాళ్లకు సలహాలు మొదలు. పౌలు అలా అనుకోలేదు. రోమా పత్రిక మొదటి అధ్యాయం 15వ వచనంలో రోమాలో ఉన్న మీకు కూడా సువార్త ప్రకటించాలని సిద్ధంగా ఉన్నానంటాడు. ఆ మీరెవరు? అప్పటికే నమ్మినవాళ్లు. వాళ్ల విశ్వాసం లోకమంతా ప్రచురమైందని అంతకు ముందే రాశాడు. అయినా వాళ్లకు సువార్త కావాలట. మన సంఘంలో ముప్పై ఏళ్లుగా ముందు బెంచీలో కూర్చునే పెద్దాయనకీ కావాలి. మైకు పట్టుకున్న నాకైతే ఇంకా ఎక్కువ.

ఇక్కడ కాలువ సంగతి చెప్పాలి. మైలాపూర్ నుంచి తిరువాన్మియూరు వైపు ఎమ్మార్టీఎస్ లోకల్ రైల్లో వెళ్తుంటే కింద నల్లగా కనిపించేది బకింగ్‌హామ్ కాలువ. వాసనకి ముక్కు మూసుకుంటాం. 1876-78 కరువులో పనికి ఆహారంగా మన చెన్నైలో కూవం, అడయార్ నదుల్ని కలుపుతూ ఒక భాగం తవ్వించారు. అదే కరువులో ఒంగోలు దగ్గర ఇదే కాలువలో 3.5 మైళ్ల పనిని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ దొర కాంట్రాక్టుకి తీసుకున్నాడు. పనికొచ్చినవాళ్లలో చాలామంది మాదిగలు. తెలుగు బోధకులే మేస్త్రీలు, మధ్యాహ్నం నీడన కూర్చున్నప్పుడు వాళ్లే సువార్త చెప్పేవాళ్లు. వేలమంది బాప్తిస్మం అడిగారు. క్లఫ్ ఇవ్వలేదు. కూటి కోసం నమ్మారనే మాట రాకూడదని, కరువు పనులు సాగినంత కాలం నెలల తరబడి ఒక్కరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. నీళ్లలో దిగి ఇచ్చింది కూడా మన తెలుగు బోధకులే.

ఈ 2,222 అంకెను మనం చాలాసార్లు చెప్పుకుంటాం, పోస్టర్ల మీద కూడా వేసుకుంటాం. దాని ముందు వద్దని ఆగిన నెలల్ని ఎవరం చెప్పుకోం. చేతిలో తిండి, పని, అధికారం అన్నీ ఉండి, వాటిని ఎర చెయ్యకపోవడం నాకు ఆ అంకె కంటే పెద్ద విషయంగా కనిపిస్తుంది. నా బుట్టలో కార్డులు మాత్రం ఎరే. ఒప్పుకుంటున్నాను.

ఇంకొకటి. కరువుకు ముందు ఒంగోలులో పై కులాలవాళ్లు, మాదిగల్ని చేర్చుకోకపోతే మేం వస్తాం అన్నారట. క్లఫ్ ఒక గదిలో, భార్య మరో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 1:26 దగ్గరే తెరుచుకుందని ఆయనే చెప్పుకున్నాడు. మీలో గొప్ప వంశంవారు అనేకులు పిలవబడలేదు అనే చోటు. యాదృచ్ఛికమో కాదో మీరే తేల్చుకోండి. క్లఫ్ దంపతులు మాత్రం మాదిగలతోనే నిలబడ్డారు. గలతీ పత్రిక రెండో అధ్యాయంలో పేతురు యూదులు కాని విశ్వాసులతో కలిసి తింటూ, తర్వాత భోజనం దగ్గర పక్కకి జరిగాడు. పౌలు అతన్ని మర్యాద తప్పావని అనలేదు, సువార్త సత్యం ప్రకారం నడవడం లేదన్నాడు. అన్నం దగ్గర ఎవరి పక్కన కూర్చుంటామన్నది సువార్త ప్రశ్నే. 1941లో ఇదే మద్రాసులో సువార్తికుడు భక్త సింగ్ గారు సంఘం మొదలుపెట్టినప్పుడు ప్రేమ విందులో అందరినీ నేల మీద వరసగా కూర్చోబెట్టారు. మరి మన సంఘాల్లో పెళ్లి సంబంధం దగ్గర ఏం జరుగుతోందో ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు. పేర్లు చెప్పను, టీ ఇంకా రాలేదు.

పిల్లల సంగతి కూడా ఒక్క మాట. మన పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. కీర్తనల్ని తమిళ లిపిలో తెర మీద వేస్తున్నాం. దానికి సిగ్గుపడక్కర్లేదు. కానీ "విమోచన", "ప్రాయశ్చిత్తం" అంటే ఏమిటని ఒక ఇంటర్ కుర్రాడు అడిగితే, నేను కూడా ఆ మాటల్నే అటూ ఇటూ తిప్పి చెప్పాల్సి వచ్చింది. మన బాకీని యేసు కట్టాడు, ఆయన తిరిగి లేవడమే దానికి రసీదు అని చివరికి చెప్పాను. బావుందో లేదో గాని వాడికి అర్థమైంది.

ఆ సోదరుడి ఇంటికి ఏప్రిల్‌లో వెళ్లాను. కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఈసారి ఆ ఒక్క వచనం కాదు, అధ్యాయమంతా చదివాం. దీవెనలకు మూడు రెట్లకు పైగా శాపాలున్నాయి అక్కడ. అతను భయపడ్డాడు. అప్పుడు గలతీ 3:13 తీశాను, క్రీస్తు మన కోసం శాపమై మనల్ని విడిపించాడని. చాలాసేపు ఏం మాట్లాడలేదు. "అయితే ఆయన తోక అయ్యాడా అయ్యగారూ, నా కోసం?" అన్నాడు. ఏ బైబిల్ కాలేజీలోనూ నేను వినని మాట అది.

పని ఇంకా దొరకలేదు. వారానికి మూడు రోజులు లోడింగ్‌కి వెళ్తున్నాడు. ఈ డిసెంబరుకి కార్డులు వేయించాలా వద్దా అని మా కమిటీలో ఇంకా తేలలేదు. ప్రెస్ వాళ్లు రేటు కూడా పంపారు. నేను వద్దన్నాను. కోశాధికారి గారు, జనం అడుగుతారయ్యగారూ అన్నారు. అడుగుతారు, నిజమే.