నదిలో తిరిగే యుద్ధపడవకు డబ్బు ఎవరి పద్దులోంచి వస్తుంది?

[తెరపై: మెకాంగ్ డెల్టా పటం. సముద్రం నుంచి మెల్లగా లోపలికి]

నమస్కారం. ఇది దక్షిణ వియత్నాం. మెకాంగ్ నది సముద్రంలో కలిసే ముందు పాయలుగా, పాయలు కాలువలుగా, కాలువలు పిల్లకాలువలుగా చీలిపోయే చోటు. కోనసీమ లంకల్లో పెరిగిన వారికి ఈ దృశ్యం కొత్త కాదు. వరిచేలు, కొబ్బరితోటలు, ఊరి పక్కనే కాలువ, గట్టుకు కట్టేసిన పడవ. 1965లో ఈ నీటి మీద బియ్యం, చేపలు, పెళ్ళివారు అందరూ నాటుపడవల్లోనే వెళ్ళేవారు. ఆ పడవల అడుగు చెక్కల కింద కొన్నిసార్లు, అమెరికా అండ ఉన్న అక్కడి ప్రభుత్వంతో పోరాడుతున్న కమ్యూనిస్టు గెరిల్లాల తుపాకులు కూడా వెళ్ళేవి.

అప్పటికి అమెరికా నౌకాదళం దగ్గర అణుశక్తితో నడిచే విమానవాహక నౌక ఉంది. సముద్రం అడుగున నెలల తరబడి దాగి ఉండగల అణు జలాంతర్గాములున్నాయి. రెండడుగుల లోతు కాలువలోకి దూరి నాటుపడవను ఆపి తనిఖీ చేయగల పడవ మాత్రం చేతిలో లేదు. ప్రపంచంలోనే అతిపెద్ద నౌకాదళానికి ఈ లోటు ఎందుకు వచ్చింది? తీర్చుకున్నాక మళ్ళీ ఎందుకు వచ్చింది? సమాధానం బడ్జెట్ పుస్తకంలో ఉంది. తుపాకుల గురించి, సాహసాల గురించి వీడియోలు చాలా ఉన్నాయి. ఆ సాహసానికి పడవ ఎవరు కొనిపెట్టారన్నది మాత్రం ఎవరూ చెప్పరు. ఈ రోజు దాని గురించే మాట్లాడుకుందాం.

[తెరపై: పీబీఆర్ పడవ నలుపు తెలుపు ఫోటోలు]

1965 డిసెంబరులో మెకాంగ్ కాలువల గస్తీకి అమెరికా నౌకాదళం టాస్క్ ఫోర్స్ 116ను ఏర్పాటు చేసింది. ఆ కార్యక్రమం పేరు గేమ్ వార్డెన్. మనుషులున్నారు, ఆదేశముంది, పడవ కావాలి. కొత్తగా నమూనా గీసి, పరీక్షించి, మార్పులు చేసి కట్టాలంటే ఏళ్ళు పడుతుంది. అందుకే నౌకాదళం విహారపడవల మార్కెట్ వైపు చూసింది. సెలవు రోజుల్లో చేపలు పట్టుకోవడానికి, షికారుకు జనం కొనుక్కునే ఫైబర్ గ్లాస్ పడవల బాడీలు అప్పటికే తయారవుతున్నాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో బెల్లింగ్‌హామ్ అనే ఊళ్ళో ఉన్న యునైటెడ్ బోట్‌బిల్డర్స్ అనే సంస్థ తన దగ్గరున్న 31 అడుగుల పడవ బాడీనే తీసుకుని, దాన్ని యుద్ధానికి సిద్ధం చేసింది. మొదటి ఆర్డరు 120 పడవలకు. 1966 మార్చికల్లా తొలి పడవలు వియత్నాం చేరాయి. ఆయుధాల కొనుగోళ్ళ చరిత్ర కాస్త తెలిసిన వారికి ఇది ఎంత వేగమో అర్థమవుతుంది.

పీబీఆర్ అని పిలిచే ఈ పడవలో నాకు అన్నిటికంటే నచ్చేది దాని ఇంజన్ ఏర్పాటు. మామూలు మరపడవకు అడుగున ప్రొపెల్లర్ తిరుగుతుంది. లోతు తక్కువైతే అది బురదలో కూరుకుపోతుంది, వలల్లో చిక్కుకుంటుంది. పీబీఆర్‌కు ప్రొపెల్లరే లేదు. రెండు డీజిల్ ఇంజన్లు రెండు పంపులను నడుపుతాయి. అవి అడుగు నుంచి నీటిని పీల్చి వెనక్కి జోరుగా చిమ్ముతాయి. పడవ ముందుకు దూకుతుంది. ఆ పంపులు చేసింది జకూజీ సోదరుల సంస్థ. అవును, స్నానపు తొట్టెలతో పేరుపొందిన ఆ జకూజీయే. వేగం 25 నాట్ల పైమాటే, అంటే గంటకు దాదాపు 46 కిలోమీటర్లు. నీటి ధార చిమ్మే దిశ మార్చితే పడవ తన పొడవంత జాగాలోనే గిర్రున తిరిగిపోతుంది. ఇరుకు కాలువలో మాటు వేసిన వారి నుంచి తప్పించుకోవడానికి అంతకంటే విలువైన గుణం లేదు.

నలుగురు మనుషులు. ముందు భాగంలో జంట మెషిన్ గన్, వెనుక మరొకటి. పడవ నాయకుడు సాధారణంగా అధికారి కూడా కాదు, పెట్టీ ఆఫీసర్ స్థాయి నావికుడు. ఎప్పుడూ రెండు పడవలు జంటగా వెళ్ళాలన్నది నియమం. ఒకటి తనిఖీకి దగ్గరగా వెళితే రెండోది కొంచెం దూరంలో నిలబడి గట్టును కనిపెట్టి ఉంటుంది. ఈ నియమాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

లోపాలూ తక్కువేమీ కావు. నాచు, నీటి మొక్కలు పంపు నోటికి అడ్డం పడేవి. కాల్పుల మధ్య కూడా ఎవరో ఒకరు దాన్ని శుభ్రం చేయాల్సి వచ్చేది. రోజుకు ఎన్నో నాటుపడవలను పక్కకు లాగి తనిఖీ చేయడం వల్ల ఫైబర్ గ్లాస్ అంచులు ఒరుసుకుని పగిలిపోయేవి. రెండో రకం పీబీఆర్‌లో ఆ అంచులకు అల్యూమినియం తొడుగు వేశారు. బల్ల ముందు కూర్చున్న ఇంజనీరుకు తట్టని మార్పు ఇది. ఒరుసుకున్న పడవను రోజూ చూసినవారు చెబితేనే తెలుస్తుంది.

1967లో దీనికి తోడు సైన్యం, నౌకాదళం కలిసి పనిచేసే మరో నదీ దళం వచ్చింది. దానికి రెండో ప్రపంచ యుద్ధం నాటి నమూనా ల్యాండింగ్ పడవలనే తీసుకుని, చుట్టూ ఉక్కు పలకలు, ఆ పైన ఇనుప చువ్వలు బిగించారు. రాకెట్ గుండు చువ్వకు తగిలి ముందే పేలిపోతే లోపలివారు బతుకుతారు. అదీ ఉన్నదానితో సర్దుకున్న పనే.

[తెరపై: 1970, పడవల అప్పగింత]

1970 ముగిసేనాటికి ఆ పడవల్లో దాదాపు అన్నీ దక్షిణ వియత్నాం నౌకాదళానికి అప్పగించారు. అమెరికాకు మిగిలింది కొద్దిపాటి రిజర్వు దళాలు, కొంతమంది మనుషుల జ్ఞాపకాలు. ఐదేళ్ళలో రక్తం ధారపోసి నేర్చుకున్న విద్య అలా చెదిరిపోయింది.

ఇందులో కుట్ర ఏమీ లేదు. నౌకాదళ పద్దులో డబ్బు కోసం విమానవాహక నౌక, జలాంతర్గామి, డిస్ట్రాయర్ పోటీ పడతాయి. ఒక్కో పెద్ద నౌక వెనుక ఒక నౌకానిర్మాణ కేంద్రం, అందులో వేల ఉద్యోగాలు, ఆ ఊరి నుంచి ఎన్నికైన చట్టసభ సభ్యుడు ఉంటారు. డిస్ట్రాయర్ నడిపిన అధికారికి అడ్మిరల్ అయ్యే దారి తెరుచుకుంటుంది. కాలువలో పడవ నడిపినవాడికి ఆ దారి లేదు. మరి 31 అడుగుల పడవ తరఫున ఆ గదిలో మాట్లాడేది ఎవరు? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

[తెరపై: ఇరాన్ ఎడారి, 1980]

ఆ గొర్రె సంగతి లోకానికంతటికీ తెలిసింది 1980 ఏప్రిల్‌లో. టెహ్రాన్‌లో బందీలుగా ఉన్న అమెరికన్లను విడిపించడానికి వెళ్ళిన దళం ఇరాన్ ఎడారిలోనే ఆగిపోయింది. వెళ్ళిన హెలికాప్టర్లు ఎనిమిది. పని పూర్తి కావాలంటే కనీసం ఆరు కావాలి, పనికొచ్చేవి ఐదు మిగిలాయి. అవి నౌకాదళం సముద్రంలో మందుపాతరలు ఏరడానికి వాడే రకం. నడిపినవారిలో ఎక్కువమంది మరో దళమైన మెరైన్ కోర్ పైలట్లు. తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుండగా ఒక హెలికాప్టర్ విమానాన్ని ఢీకొంది. ఎనిమిది మంది అక్కడే చనిపోయారు. యంత్రం ఒకరిది, మనిషి మరొకరివాడు, పథకం ఇంకొకరిది. మూడేళ్ళ తరువాత గ్రెనడా దీవి మీద దాడిలో నలుగురు సీల్స్, అంటే నౌకాదళ కమాండోలు, రాత్రివేళ అల్లకల్లోలంగా ఉన్న సముద్రంలోకి పారాచూట్లతో దూకి మునిగిపోయారు.

అప్పుడు అమెరికా చట్టసభ, కాంగ్రెస్, కదిలింది. సెనేటర్లు శామ్ నన్, విలియం కోహెన్ ప్రతిపాదించిన సవరణ 1986లో చట్టమైంది. దాని ప్రకారం 1987 ఏప్రిల్‌లో ప్రత్యేక దళాలన్నిటికీ ఒక ఉమ్మడి కమాండ్ ఏర్పడింది. సోకామ్ అంటారు. దాని కేంద్రం ఫ్లోరిడాలోని టాంపా. నౌకాదళం తన సీల్స్‌ను అప్పగించడానికి గట్టిగా అడ్డుపడింది. చివరికి 1988 మార్చిలో అవి కొత్త కమాండ్ కిందికి వచ్చాయి.

అందరూ కమాండ్ గురించే చెబుతారు. నా దృష్టిలో ఆ చట్టానికి ప్రాణం మరో చోట ఉంది. అమెరికా రక్షణ బడ్జెట్‌ను కొన్ని పెద్ద పద్దులుగా విభజిస్తారు. ఆ చట్టం ప్రత్యేక దళాలకు పదకొండో పద్దు తెరిచింది: మేజర్ ఫోర్స్ ప్రోగ్రామ్ 11. మన మాటల్లో చెప్పాలంటే, ఉమ్మడి కాపురంలో చిన్న కోడలికి వేరు కుంపటి పెట్టించారు.

పద్దు నడిచే తీరు ఇలా ఉంటుంది. సీల్ దళంలోని నావికుడి జీతం నౌకాదళమే ఇస్తుంది. నావికులందరూ వాడే మామూలు సామగ్రీ నౌకాదళానిదే. ప్రత్యేక దళానికే కావలసినది, మిగతా నౌకాదళానికి అక్కర్లేనిది ఏదైనా ఉంటే, ఉదాహరణకు నదిలో దాడికి వెళ్ళే పడవ, అది సోకామ్ తన పద్దు నుంచి కొనుక్కుంటుంది. కొనడానికి కావలసిన అధికారం, ఒప్పందాలు రాసుకునే యంత్రాంగం కూడా దానికి సొంతంగా ఉన్నాయి. మొత్తం రక్షణ బడ్జెట్‌లో ఈ పద్దు వాటా నూటికి రెండు కంటే ఎక్కువ కాదు. చిన్న మొత్తమే కానీ, దాన్ని విమానవాహక నౌక తినేయలేదు.

[తెరపై: మిసిసిపీ చిత్తడి నేలల్లో దూసుకెళ్ళే పడవ]

ఫలితం మిసిసిపీ రాష్ట్రంలో కనిపిస్తుంది. స్టెనిస్ అంతరిక్ష కేంద్రం ఆవరణలో, పెర్ల్ నది పక్కన స్పెషల్ బోట్ టీమ్ 22 ఉంటుంది. దాని పని నదులే. వాడే పడవ 33 అడుగులది. రెండు డీజిల్ ఇంజన్లు, వాటర్ జెట్లు, తుపాకులు బిగించడానికి ఐదు చోట్లు, నలుగురు సిబ్బంది, ఎనిమిది మంది సైనికులకు చోటు. సీ-130 రవాణా విమానంలో పడుతుంది, పెద్ద హెలికాప్టర్ కింద వేలాడదీసి తీసుకెళ్ళవచ్చు. పీబీఆర్ వంశమే అని చూడగానే తెలుస్తుంది. తేడా ఏమిటంటే, యుద్ధం వచ్చాక పరుగెత్తి వెతికిన పడవ కాదిది. యుద్ధం ఉన్నా లేకున్నా దీనికి ఏటా పద్దు ఉంది, తర్ఫీదు ఉంది.

వేరు కుంపటి పెట్టుకున్నంత మాత్రాన వంట బాగా కుదురుతుందని కాదు. సీల్స్‌ను రహస్యంగా తీరానికి చేర్చే చిన్న జలాంతర్గామి కథ చూడండి. పాత వాహనంలో సైనికులు గంటల తరబడి చల్లని నీటిలోనే కూర్చోవాలి. గమ్యం చేరేసరికి ఒళ్ళు కొంకర్లు పోతుంది. పొడిగా కూర్చునే 65 అడుగుల వాహనం కావాలనుకున్నారు. అవసరం నిజమైనదే. ఆరు కడదామనుకుని మొదలుపెట్టారు. బ్యాటరీలు నిలవలేదు, ప్రొపెల్లర్ చప్పుడు ఎక్కువైంది, ఖర్చు అనుకున్నదానికి ఎన్నో రెట్లు పెరిగింది. చివరికి తయారైంది ఒక్కటే. 2008 నవంబరులో పెర్ల్ హార్బర్‌లో దాని బ్యాటరీలకు ఛార్జింగ్ పెడుతుండగా మంటలు లేచి కాలిపోయింది. తరువాత బాగుచేయకుండా వదిలేశారు. మార్కెట్లో ఉన్న విహారపడవతో సరిపెట్టుకున్న 1966నూ దీన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు బాధే కలుగుతుంది.

ఇప్పుడు నదీ దళాల్లో రెండో రకం, అంటే పదకొండో పద్దు కిందికి రానివి. ఇరాక్‌లో యూఫ్రటీస్ మీద హదీథా ఆనకట్టను కాపాడాల్సి వచ్చినప్పుడు నౌకాదళానికి మళ్ళీ నది గుర్తొచ్చింది. 2006లో కొత్తగా నదీ స్క్వాడ్రన్ పెట్టారు. 2007లో అది హదీథాకు వెళ్ళి మెరైన్ల నుంచి బాధ్యత తీసుకుంది. ముప్పై ఐదేళ్ళ క్రితం చేతిలో ఉన్న విద్యను మళ్ళీ ఓనమాల నుంచి మొదలుపెట్టారు. ఇరాక్ యుద్ధం ముగిసింది. 2012లో ఆ స్క్వాడ్రన్లను ఓడరేవుల కాపలా దళాలతో కలిపేశారు. 2016 జనవరిలో అలాంటి రెండు పడవలు కువైట్ నుంచి బహ్రెయిన్ బయలుదేరి దారి తప్పాయి. ఫార్సీ దీవి దగ్గర ఒకదాని ఇంజన్ మొరాయించింది. పది మంది నావికులను ఇరాన్ పట్టుకుని మరునాడు వదిలింది. నౌకాదళం జరిపిన విచారణ తర్ఫీదులో, ప్రణాళికలో, నాయకత్వంలో లోపాలను ఎత్తిచూపింది. 2020లో ఆ దళం పేరు కూడా మార్చేశారు. కొత్త పేరులో నది అన్న మాటే లేదు.

నదులు అవే, నౌకాదళం అదే. సొంత పద్దు ఉన్న దళం నిలిచింది, లేనిది కరిగిపోయింది.

[తెరపై: బలిమెల జలాశయం. సంగీతం ఆపాలి]

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకోకండి. 2008 జూన్ 29. ఆంధ్ర-ఒడిశా సరిహద్దులోని బలిమెల జలాశయం. ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ అడవిలో పోరాడటానికి తయారైన దళం. దేశమంతా ఆ దళాన్ని చూసి నేర్చుకునేది. ఆ రోజు గాలింపు ముగించుకుని తిరిగి వస్తూ అరవై మందికి పైగా ఒకే లాంచీ ఎక్కారు. గట్టున కొండల మీద మాటు వేసిన మావోయిస్టులు పైనుంచి కాల్పులు జరిపారు. లాంచీ మునిగిపోయింది. 38 మంది చనిపోయారు. వారిలో అత్యధికులు గ్రేహౌండ్స్ జవాన్లే.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న నియమం ఇదే: పడవలు జంటగా వెళ్ళాలి, ఒకటి గట్టును కనిపెట్టి ఉండాలి. చుట్టూ కొండలు, నడుమ బయలు నీరు, ఒక్క లాంచీ. అడవిలో అడుగు ఎక్కడ వేయాలో పోలీసులకు తెలుసు. నీటి మీద వారిని కాపాడే పడవ, దాన్ని నడిపే తర్ఫీదు, దానికొక పద్దు కూడా ఉండాలి కదా. అవి ఎవరి బాధ్యత? అడవి దళానిదా, జలాశయం ఉన్న రాష్ట్రానిదా, కేంద్రానిదా?

మూడు దిక్కులా నీరు, నాలుగో దిక్కు అడవితో తెగిపోయిన అక్కడి ఊళ్ళకు దశాబ్దాలుగా అనుకుంటున్న వంతెన చివరికి 2018 జులైలో తెరిచారు. గురుప్రియ వంతెన, పొడవు 910 మీటర్లు. లాంచీ మునిగిన పదేళ్ళకు. ఆ పదేళ్ళూ అక్కడి జనం సంతకు వెళ్ళాలన్నా, ఆసుపత్రికి వెళ్ళాలన్నా ఆ నీటినే దాటారు, అలాంటి లాంచీల్లోనే.