ఆయాసం ఉన్నవాళ్లకు మతిమరుపు ఎందుకొస్తుంది?

[తెరపై: కట్టెల పొయ్యి ముందు కూర్చుని గొట్టంతో మంట ఊదుతున్న పెద్దావిడ]

ఏళ్ల తరబడి పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్లు, బీడీలు, చుట్టలు తాగిన మగవాళ్లు... వీళ్లలో చాలామందికి పెద్దయ్యాక ఆయాసం పట్టుకుంటుంది. ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే ఈ జబ్బును డాక్టర్లు సీఓపీడీ అంటారు. ఆయాసానికైతే మందు వాడతాం. కానీ పొద్దున పీల్చిన ఇన్‌హేలర్‌నే కాసేపటికి మళ్లీ పీలుస్తుంటే మాత్రం "వయసు మీద పడింది" అని వదిలేస్తాం. దయచేసి వదిలేయకండి.

[తెరపై: మెదడు బొమ్మ, హిప్పోకాంపస్ ఎర్రగా]

మెదడు బరువు ఒంటి బరువులో 2 శాతమే. ఊరికే కూర్చున్నప్పుడు ఒళ్లు వాడే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు 20 శాతం దానికే కావాలి. దాచుకుని వాడుకునే వీలూ లేదు. కొత్త సంగతులను గుర్తుంచుకునే భాగం హిప్పోకాంపస్. ఈ జబ్బుతో రక్తంలో ఆక్సిజన్ తగ్గితే ముందుగా దెబ్బతినే చోట్లలో అదొకటి. అందుకే తన పెళ్లినాటి ముచ్చట్లు పూసగుచ్చినట్టు చెప్పే మనిషి, ఇందాక మాత్ర వేసుకున్నానా లేదా అని తడబడవచ్చు.

నిద్రలో ఆక్సిజన్ ఇంకా పడిపోతుంది. కొందరికి ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ కూడా పేరుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి, పగలంతా మగత ఉంటే డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

[తెరపై: వేలికి ఆక్సీమీటర్]

రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సీమీటర్‌ను, గోళ్లరంగు తీసేసి, కాసేపు కుదురుగా కూర్చోబెట్టి వేలికి పెట్టి చూడండి. 88 శాతం లేదా అంతకన్నా తక్కువే తరచూ చూపిస్తుంటే ఆలస్యం చేయొద్దు. డాక్టర్ రక్తపరీక్ష చేసి, అవసరమైతే ఇంట్లోనే ఆక్సిజన్ పెట్టుకోమంటారు. సాధారణంగా రోజుకు 15 గంటలకు తగ్గకూడదు. చాలా ఇళ్లలో కరెంటు బిల్లుకు భయపడి, ఆయాసం వచ్చినప్పుడే మెషిన్ ఆన్ చేస్తారు. దాంతో మెదడుకు పెద్దగా మేలు జరగదు.

ఆక్సిజన్ బాగా తగ్గిన సీఓపీడీ రోగులపై అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 1980లో వచ్చాయి. రాత్రిపూట మాత్రమే పెట్టుకున్నవాళ్లకంటే దాదాపు రోజంతా పెట్టుకున్నవాళ్లు ఎక్కువకాలం బతికారు. ఆరు నెలల చికిత్స తర్వాత మెదడు పనితీరు కూడా కాస్త మెరుగుపడింది. కాస్తే, పోయిందంతా తిరిగి రాలేదు. అందుకే ముందుగా కనిపెట్టాలి.

మెషిన్ ఉంది కదా అని ఆక్సిజన్ ఫ్లో మీరే పెంచేయకండి. ఆక్సిజన్ ఎక్కువైతే కొందరిలో కార్బన్ డయాక్సైడ్ ఇంకా పెరిగి మత్తులోకి జారిపోతారు.

ఉన్నట్టుండి మాట తికమకపడినా, పెదాలు నీలంగా మారినా, పిలిస్తే సరిగ్గా పలక్కపోయినా అది మతిమరుపు కాదు. వెంటనే 108కి ఫోన్ చేయండి.