రొయ్యల గుంట దగ్గర ఏ మెమరీ నిలబడుతుంది?

[షాట్: కావలి దగ్గర రొయ్యల గుంట. ఏరియేటర్లు తిరుగుతున్నాయి. షెడ్డు గోడకు ప్లాస్టిక్ డబ్బా.]

ఈ డబ్బాలో ఉన్నది ఆర్డుయినో ఊనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఎన్ని నిమిషాలు తిరిగాయో లెక్కపెట్టడమే దీని పని. గుంట మా మామది. "కరెంటు పోయొచ్చినా లెక్క పోకూడదబ్బయ్యా" అన్నాడు. సరేనని బిగించా. అయిదో నెలకల్లా డబ్బా పిచ్చి అంకెలు చూపించింది. తప్పు చిప్పుది కాదు, నాదే.

[షాట్: బోర్డు దగ్గరగా.]

ఈ ఒక్క చిప్పులోనే మూడు మెమరీలున్నాయి. 32 కిలోబైట్ల ఫ్లాష్‌లో ప్రోగ్రాం ఉంటుంది, దాన్ని వదిలేద్దాం. 2 కిలోబైట్ల ఎస్‌ర్యామ్ ఎన్నిసార్లు రాసినా అరగదు, కానీ కరెంటు పోగానే ఖాళీ. మీ కంప్యూటర్లో ఉండే డీర్యామ్‌కైతే ఇంకా మతిమరుపు. కరెంటు ఉన్నా సరే, మామూలుగా 64 మిల్లీసెకన్లకోసారి ప్రతి గడినీ మళ్లీ నింపాలి.

మూడోది 1 కిలోబైట్ ఈఈప్రామ్. కరెంటు లేకపోయినా మర్చిపోదు. అందుకే నిమిషానికోసారి లెక్కను అందులో, అదీ ఒకే చోట, రాయించా.

దాంట్లో రాయడమంటే ఎలక్ట్రాన్లను పలచటి పొరగుండా అవతలికి బలవంతంగా తోయడం. తోసిన ప్రతిసారీ పొర కొంచెం దెబ్బతింటుంది. తయారీదారు మాటిచ్చేది లక్షసార్లకే. రోజుకు 1,440 నిమిషాలు. భాగించండి: 69 రోజులు! అయిదు నెలలు ఆగిందంటే దాని మంచితనమే.

[షాట్: చేతిలో చిన్న ఫెర్రో ర్యామ్ బోర్డు.]

అంతా ఈ ఫెర్రో ర్యామ్ కొనమన్నారు. ఇదీ కరెంటు పోయినా మర్చిపోని మెమరీయే. పేరులో ఇనుము వినిపిస్తుంది గానీ లోపల ఇనుముతో పనేం లేదు. స్ఫటికంలో పరమాణువు పైకో కిందికో జరగడమే గుర్తు. ఎలక్ట్రాన్లను తోసే పని లేదు కాబట్టి అరుగుదల బహు తక్కువ. లక్ష కోట్లసార్లు రాయొచ్చని చెప్పే చిప్పులు దొరుకుతాయి. తమాషా ఏంటంటే, చదివితే గుర్తు చెరిగిపోతుంది, చిప్పే వెంటనే మళ్లీ రాసుకుంటుంది. లోపం రెండే: ధర ఎక్కువ, చోటు తక్కువ.

మరి కొన్నానా? లేదు. లెక్కకు 4 బైట్లు చాలు. 1 కిలోబైట్‌లో అలాంటి గడులు 256. వరసగా ఒక్కో నిమిషం ఒక్కో గడిలో రాస్తే 69 రోజులు కాస్తా 48 ఏళ్లకు పైమాటే. పెద్ద అంకె ఉన్న గడే తాజాది.

ఒక్క చిక్కుంది. ఈఈప్రామ్‌లో బైటుకు 3 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. నాలుగు బైట్ల మధ్యలో కరెంటు పోతే సగం పాత, సగం కొత్త అంకె మిగులుతుంది. ఫెర్రో ర్యామ్‌లో ఇదే పని ఒక మిల్లీసెకనులోపే అయిపోతుంది. సెకనుకోసారి రాయాల్సి వస్తే నేనూ దాన్నే కొంటా. నిమిషానికోసారైతే సరఫరా తీగల మధ్య కాసేపు కరెంటు దాచి ఉంచే ఓ పెద్ద కెపాసిటర్, కరెంటు పోతోందని ముందే కనిపెట్టి రాయడం ఆపే నాలుగు లైన్ల కోడు చాలు.

[షాట్: తెర మీద 2184. ప్లగ్గు పీకుతున్నాం. మళ్లీ పెడుతున్నాం. 2184.]