సిస్టర్ మాట చెల్లాలి

(నర్సుల దినోత్సవం సందర్భంగా ఒంగోలులో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, డాక్టర్లకు, ఆసుపత్రి యాజమాన్యాల వారికి, నైట్ డ్యూటీ దిగి నిద్ర మానుకుని వచ్చిన సిస్టర్లకు, బ్రదర్లకు, నర్సింగ్ చదువుతున్న పిల్లలకు నమస్కారం.

మే 12 ఆధునిక నర్సింగ్‌కు పునాది వేసిన ఫ్లోరెన్స్ నైటింగేల్ పుట్టినరోజు. ఆ తల్లి 1820లో పుట్టింది. ఏటా ఈ రోజున కొవ్వొత్తులు వెలిగిస్తాం, కేకు కోస్తాం, సీనియర్ సిస్టర్లకు శాలువా కప్పుతాం. కానీ రాత్రిపూట రోగుల మధ్య తిరిగిన ఆమె చేతిలో దీపంతో పాటు ఒక లెక్కల పుస్తకం కూడా ఉండేదని ఎంతమందికి తెలుసు? క్రిమియా యుద్ధంలో సైనికులు తూటా గాయాల కంటే ఆసుపత్రిలో అంటుకున్న జబ్బులతోనే ఎక్కువమంది చనిపోయారని ఆమె నెలనెలా చావుల లెక్క తీసి, 1858లో రంగుల పటం గీసి మరీ చూపించింది. ఆ లెక్క ముందు సైన్యాధికారులు, డాక్టర్లు తలవంచాల్సి వచ్చింది. మనవాళ్లు దీపాన్ని తీసుకున్నారు, లెక్కల పుస్తకాన్ని వదిలేశారు. నర్సంటే ఓర్పు, దయ, చల్లని చెయ్యి అన్నారు. ఆ చెయ్యి వెనక ఒక బుర్ర ఉందనీ, అది రాత్రంతా లెక్కలు కడుతూనే ఉంటుందనీ మరిచిపోయారు. ఈ రోజు నేను ఆ బుర్ర గురించే మాట్లాడతాను.

ముందు పిలుపు సంగతి చూద్దాం. జనరల్ వార్డులో ఒక పూట నిలబడి వినండి. డాక్టరు వస్తే "సార్, దండాలు సార్", మంచం మీద పడుకున్న మనిషి కూడా లేచి కూర్చోబోతాడు. సిస్టర్ వస్తే "ఏందమా, సెలైన్ అయిపోయి ఎంతసేపయింది, ఎన్నిసార్లు పిలవాల?" ప్యాంటూ షర్టూ వేసుకున్న మేల్ నర్సుని "డాక్టర్ గారూ" అంటారు. స్టెతస్కోపు మెళ్లో ఉన్న హౌస్ సర్జన్ అమ్మాయిని "సిస్టరూ" అంటారు. ఆ అమ్మాయి ముఖం చిన్నబుచ్చుకుంటుంది. ఎందుకు చిన్నబుచ్చుకోవాలి? సిస్టర్ అనడం తక్కువ చేసినట్టని పేషెంటుకూ తెలుసు, ఆ అమ్మాయికీ తెలుసు, పక్కనే ట్రే పట్టుకుని నిలబడ్డ అసలు సిస్టర్‌కూ తెలుసు. ఆడపని మీద మనకున్న చిన్నచూపు ఇందులో సగముంది.

మిగతా సగం ఇంకా పాతది. నెల్లూరులోనూ ఒంగోలులోనూ అమెరికన్ బాప్టిస్టు మిషన్ ఆసుపత్రులు నడిచాయి. మన ఒంగోలు క్లౌ ఆసుపత్రి ఆ కోవలోదే. పరాయి మనిషి పుండు కడగడం, మలమూత్రాలు ఎత్తడం మైల పని అనుకునే ఊళ్లలో ఆ పనికి ముందుకొచ్చింది ఎక్కువగా క్రైస్తవ కుటుంబాల, దళిత కుటుంబాల ఆడపిల్లలు. వాళ్ల చేతుల మీదుగా పురుళ్లు పోసుకున్న ఇళ్లే, పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి "నర్సా?" అని వెనక్కి తగ్గాయి. డాక్టరు నాడి పట్టుకుంటే అది విద్య అయింది, నర్సు ఒళ్లు తుడిస్తే చాకిరీ అయింది. ఈ చరిత్ర చెప్పుకోకుండా గౌరవం గురించి ఎంత మాట్లాడినా పైపూతే.

డాక్టర్ల మర్యాద తగ్గించమని అడగడం లేదు. ఎంబీబీఎస్ ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్లు. రోగ నిర్ధారణ, ఆపరేషన్, మందు రాయడం డాక్టరు బాధ్యత, తప్పు జరిగితే కోర్టు మెట్లు ఎక్కేదీ ముందు ఆయనే. ఆ బరువు ఆయనకుంది. కానీ రౌండ్స్‌లో డాక్టరు ఒక మంచం దగ్గర నిలబడేది నాలుగైదు నిమిషాలు. రోజులో మిగతా కాలమంతా ఆ మనిషిని కనిపెట్టుకుని ఉండేది నర్సు. ఆ కాలంలో ఆమె చేసేది డాక్టరు రాసింది రాసినట్టు ఇవ్వడమే అనుకుంటే పొరపాటు. అది ఎలా పొరపాటో పనిలోనే చూపిస్తాను.

లేబర్ రూమ్‌కి రండి. నెలలు నిండిన గర్భిణికి బీపీ పెరిగి ఫిట్స్ వచ్చాయి. ఫిట్స్ ఆపే మందు, మెగ్నీషియం సల్ఫేట్ మొదలుపెట్టారు. మొదటి మోతాదు 14 గ్రాములు: 4 గ్రాములు నరంలోకి మెల్లగా, చెరో పిరుదులో 5 గ్రాముల చొప్పున 10 గ్రాములు. తర్వాత 4 గంటలకోసారి 5 గ్రాములు. ఆంపుల్ అంటే మందు నింపిన చిన్న గాజు బుడ్డి, 2 ఎంఎల్, అందులో 1 గ్రాము. అంటే అయిదు ఆంపుళ్లు పగలగొట్టి, నొప్పి తెలియకుండా కాస్త లిగ్నోకైన్ కలిపి, లోతుగా ఎక్కించాలి. కేస్ షీట్‌లో డాక్టరు రాసేది ఒక్క లైను. రాత్రి రెండింటికి ఆ మోతాదు ఇవ్వబోయే ముందు సిస్టర్ మూడు చూడాలి. మోకాలి చిప్ప కింద సుత్తితో తడితే కాలు ఎగురుతోందా? ఊపిరి నిమిషానికి 16కి తగ్గకుండా ఉందా? గొట్టం సంచిలో మూత్రం గంటకు 30 ఎంఎల్‌కి తగ్గకుండా వస్తోందా? మెగ్నీషియం ఒంట్లోంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. మూత్రం తగ్గిందంటే మందు లోపలే పేరుకుంటున్నట్టు. పేరుకుంటే ముందు మోకాలి ఎగురు పోతుంది, తర్వాత ఊపిరి మందగిస్తుంది, ఆ తర్వాత గుండె ఆగుతుంది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి తేడా ఉన్నా మోతాదు ఆపాలి, డాక్టరుకి ఫోన్ చేయాలి, విరుగుడుగా కాల్షియం గ్లూకోనేట్ 10 శాతం 10 ఎంఎల్ ఆంపుల్ ట్రేలో సిద్ధంగా పెట్టుకోవాలి. ఆర్డరు ఇవ్వమంటోంది, కాలు ఎగరడం లేదు. ఆ క్షణంలో ఆ గదిలో వైద్యం చేస్తున్నది ఎవరు?

ఇంకొకటి మన పొలాల్లోది. ఆత్మకూరు, ఉదయగిరి వైపు చేలో పనిచేస్తుండగా రక్తపింజర కాటేసిందని ఒక మనిషిని మోసుకొచ్చారు. విషం ఎక్కిందా లేదా తేల్చేది ఒక గాజు గొట్టం. 2 ఎంఎల్ తాజా రక్తం అందులో పోసి, కదల్చకుండా 20 నిమిషాలు ఉంచి, అప్పుడు ఒక్కసారి వంచి చూడాలి. గడ్డ కట్టకుండా నీళ్లలా జారితే రక్తపింజర విషం పనిచేస్తున్నట్టే, పాము విషానికి విరుగుడైన యాంటీ వీనం 10 వయల్స్‌తో మొదలుపెట్టాలి. పైకి సులువుగానే కనిపిస్తుంది. కానీ గొట్టం గాజుదే కావాలి, ఎందుకంటే గాజు తగిలితేనే రక్తానికి గడ్డ కట్టే గుణం మేలుకుంటుంది, ప్లాస్టిక్‌కు ఆ పని రాదు. సబ్బుపొడితో కడిగిన పాత గొట్టం వాడితే, విషం లేని రక్తం కూడా గడ్డ కట్టక మోసం చేస్తుంది. అయిదో నిమిషంలో ఆత్రపడి ఊపి చూసినా ఫలితం చెడుతుంది. ఆ హడావుడిలో, చుట్టూ జనం ఏడుస్తుంటే, కొత్త గొట్టం తీసి, గడియారం చూసుకుని, 20 నిమిషాలు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా కాపలా కాసేది పీహెచ్‌సీలో చాలాసార్లు స్టాఫ్ నర్సే. యాంటీ వీనం ఎక్కుతున్నప్పుడు దురద, దద్దుర్లు, వాంతి, ఆయాసం మొదలైతే ముందు కనిపెట్టేదీ ఆమే. అందుకే ఆ రియాక్షన్‌ని ఆపే అడ్రినలిన్ 0.5 ఎంజీ సిరంజిలో తీసి పక్కన పెట్టుకున్నాకే సెలైన్ తిప్పుతుంది. ఆరు గంటల తర్వాత మళ్లీ అదే పరీక్ష.

ఇన్సులిన్ సంగతి అందరి ఇళ్లకూ సంబంధించింది కాబట్టి ఒక్క మాట చెప్తాను. మన దగ్గర సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి, ఎంఎల్‌కి 40 యూనిట్లు, 100 యూనిట్లు. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి ఆరెంజ్ మూత సిరంజి. 100 సీసాలోంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత దాకా లాగితే పేషెంటు ఒంట్లోకి వెళ్లేది 20 కాదు, 50 యూనిట్లు. తెల్లారేసరికి షుగరు పడిపోయి స్పృహ తప్పుతాడు. మందు కలిపేటప్పుడు సిస్టర్ భుజం తట్టి "మా బెడ్‌షీటు మార్చవా" అని అడిగే బంధువులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆ రెండు నిమిషాలు ఆమెని వదిలేయండి.

ఇక చేతుల లెక్క. బోధనాసుపత్రి జనరల్ వార్డులో 3 పడకలకు ఒక నర్సు, అంటే రోజుకి మూడు షిఫ్టులు కాబట్టి షిఫ్టుకి 9 మందికి ఒకరు ఉండాలి. మామూలు ఆసుపత్రిలో 5 పడకలకు ఒకరు, షిఫ్టుకి 15 మందికి ఒకరు. సెలవులకు అదనంగా 30 శాతం. ఇది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టుకున్న కొలత. రాత్రి పూట 40 పడకలకు ఒకే సిస్టర్ ఉన్న వార్డు ఎలా ఉంటుందో కాగితం మీద వేసి చూడండి. పది గంటల యాంటీబయోటిక్ 25 మందికి ఉందనుకుందాం. పేరు సరిచూసి, మందు కలిపి, నరంలో పెట్టిన క్యాన్యులా గొట్టం దగ్గర వాపు చూసి, మెల్లగా ఎక్కించి, చార్టులో సంతకం పెట్టడానికి మనిషికి 5 నిమిషాలు. మొత్తం 125 నిమిషాలు. మొదటి బెడ్‌కి పదింటికి అందిన మందు చివరి బెడ్‌కి అందేసరికి పన్నెండు దాటుతుంది. ఈ లోపల ఎవరూ పిలవకుండా, ఏ సెలైనూ ఆగకుండా, కొత్త అడ్మిషన్ రాకుండా ఉంటేనే! 500 ఎంఎల్ సెలైన్ 8 గంటల్లో పోవాలంటే నిమిషానికి 21 చుక్కలు. 40 మంచాల దగ్గర చుక్కలు లెక్కపెట్టేదెప్పుడు? కదల్లేని మనిషిని 2 గంటలకోసారి పక్కకి తిప్పేదెప్పుడు? ఆ తర్వాత నడుము దగ్గర పుండు పడితే "నర్సులు సరిగ్గా చూడలా" అంటారు. తిట్టేది ఒక్క మనిషిని, లేనిది కనీసం ఇద్దరు మనుషులు.

జీతం గురించి క్లుప్తంగా. సుప్రీంకోర్టు 2016లో చెప్పిన మీదట కేంద్రం వేసిన కమిటీ ప్రైవేటు నర్సులకు ఒక మెట్టు సూచించింది. 200 పడకలు దాటిన ఆసుపత్రిలో రాష్ట్ర ప్రభుత్వ నర్సుతో సమానం. 100 నుంచి 200 అయితే 10 శాతానికి మించి తగ్గకూడదు. 50 నుంచి 100 అయితే 25 శాతానికి మించి తగ్గకూడదు. 50 లోపు అయినా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదు. ఇక్కడున్న యాజమాన్యాల వారు ఎవరి పడకలు వారు లెక్కపెట్టుకుని, ఎవరి జీతాల రిజిస్టరు వారు చూసుకోమని వేడుకుంటున్నాను. ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకుని పిల్లల్ని కదలకుండా చేయడం మాత్రం ఏ లెక్కలోనూ న్యాయం కాదు.

చట్టం మీద కూడా సిస్టర్లకు ఒక మాట. ఆసుపత్రి సిబ్బంది మీద దాడుల్ని ఆపడానికి మన రాష్ట్రంలో 2008 చట్టం ఉంది. మూడేళ్ల దాకా జైలు, జరిమానా. ఆ చట్టం డాక్టరుకీ నర్సుకీ తేడా పెట్టలేదు, నర్సింగ్ విద్యార్థికి కూడా అది వర్తిస్తుంది. చెయ్యి పట్టి లాగితే, ట్రే విసిరి కొడితే "మనకెందుకులే" అని ఊరుకోకండి.

ఇప్పుడు మన సిస్టర్లు మార్చుకోవాల్సింది. మాట చెల్లాలంటే మాట చెప్పే తీరు కుదరాలి. రాత్రి ఫోన్ చేసి "సార్, 14వ బెడ్ ఎందుకో బాగాలేదు సార్" అంటే నిద్రలో ఉన్న డాక్టరు "చూస్తూ ఉండమ్మా" అని పెట్టేస్తారు. అదే ఇలా చెప్పండి: "సార్, సర్జికల్ వార్డు నుంచి స్టాఫ్ నర్సుని. 14వ బెడ్, 52 ఏళ్లు, ఉదయం పొట్ట ఆపరేషన్ అయింది. పల్స్ 90 నుంచి 124కి పెరిగింది, బీపీ 90/60. రెండు గంటల్లో మూత్రం 20 ఎంఎల్. పొట్ట గట్టిపడింది. లోపల రక్తం కారుతోందని నా అనుమానం. మీరు వచ్చి చూడాలి. ఈ లోపు రక్తం క్రాస్‌మ్యాచింగ్‌కి పంపమంటారా?" పరిస్థితి, వెనకటి సంగతి, నా అంచనా, నాకు కావాల్సింది. ఆ నాలుగూ చెప్పడానికి నిమిషం చాలు. "నా అనుమానం" అనే మాట దగ్గర చాలామంది ఆగిపోతారు, డాక్టరు ముందు అంచనా చెప్పడం హద్దు దాటడమని చిన్నప్పటినుంచి నేర్పించాం కాబట్టి. అది హద్దు దాటడం కాదు, మీ చదువు. ఫోన్లో మందు చెప్తే, విన్నది రాసుకుని, రాసింది తిరిగి చదివి వినిపించి, అవునన్నాకే ఇవ్వండి. డాక్టరు 24 గంటల్లోపు దాని కింద సంతకం పెట్టాలి. "మళ్లీ చదువుతావేంటి, చెప్పింది వినపడలా?" అని విసుక్కోకండి డాక్టరు గారూ, ఆ రెండోసారి చదవడం మిమ్మల్నీ కాపాడుతుంది.

చివరిగా రౌండ్స్. ముందు కన్సల్టెంటు, వెనక పీజీలు, ఆ వెనక హౌస్ సర్జన్లు, అందరి వెనక కేస్ షీట్ల కట్ట గుండెకు ఆనించుకుని సిస్టర్. రాత్రంతా ఆ మనిషిని చూసింది ఆమె, నిలబడింది చివర. ఈ వరస మార్చడానికి జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. నైట్ సిస్టర్ హ్యాండోవర్ ఇచ్చి వెళ్లేలోపే రౌండ్స్ మొదలుపెట్టండి. ఆమెను మంచం తలాపున నిలబెట్టి, "రాత్రి ఎలా ఉన్నాడు?" అని పేషెంటు ముందే ముందు ఆమెనే అడగండి. పక్కనే ఉన్న బంధువులు ఆ ప్రశ్న వింటారు. తర్వాత కేస్ షీట్ వెనక్కి తిప్పండి, అక్కడ నర్సింగ్ నోట్స్ ఉంటాయి. రాత్రి పేజీ చదివి, చివరి లైను కింద మీ ఇనీషియల్స్ వేయండి. మంచానికి అర నిమిషం పడుతుంది. రేపు ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టవచ్చు.