ఏం చూడాలో వెతకడానికే రాత్రంతా సరిపోతోంది

నమస్తే అండీ. నిన్న రాత్రి పనులన్నీ అయ్యాక, గంటన్నరలో అయిపోయే సినిమా ఏదైనా చూసి పడుకుందామని టీవీలో ఓటీటీ యాప్ తెరిచి కూర్చున్నాను. రిమోట్‌తో కిందికి నొక్కుతున్నా, పక్కకి నొక్కుతున్నా, ఏ పోస్టర్ మీద ఒక్క క్షణం ఆగినా ట్రైలర్ పెద్ద సౌండ్‌తో మొదలైపోతోంది, కథేంటో రెండు లైన్లు చదువుకుందామన్నా కుదరడం లేదు. 'ట్రెండింగ్' వరుసలో ఉన్న సినిమానే 'మీ కోసం' వరుసలోనూ ఉంది, ఇంకాస్త కిందికి వెళ్తే థ్రిల్లర్లలో మళ్ళీ అదే, కాకపోతే పోస్టర్ వేరు, కొత్తదేమో అని నొక్కితే అది పోయిన నెల నేను చూసేసిన సినిమా! అరగంట అయిపోయింది. ఏమీ చూడకుండానే టీవీ కట్టేసి పడుకున్నాను.

డబ్బు కట్టి మరీ ఈ విసుగు ఎందుకు పడాలి చెప్పండి?

మనకి ఓపిక తక్కువని ఈ కంపెనీలకి తెలియదా అంటే, బాగా తెలుసు. నెట్‌ఫ్లిక్స్‌లో పెద్ద పదవుల్లో ఉన్న ఇద్దరు 2015లో ఒక పేపర్ రాశారు. సగటు ప్రేక్షకుడు 60 నుంచి 90 సెకన్లు వెతికి, 10 నుంచి 20 టైటిల్స్ మీద చూపు వేసి, నచ్చింది దొరక్కపోతే ఆసక్తి వదిలేస్తాడని అందులో ఉంది. జనం చూసే గంటల్లో దాదాపు 80 శాతం రికమండేషన్ల నుంచే వస్తుందని, సెర్చ్ నుంచి వచ్చేది 20 శాతమేనని కూడా రాశారు. అంటే మన ముందు ఏది పెడితే దాదాపు అదే చూస్తున్నాం.

అందుకే వీళ్ళ కష్టమంతా మన మనసులో ఏముందో ఊహించడం మీదే పెట్టారు. 2006లో నెట్‌ఫ్లిక్స్ ఒక పోటీ పెట్టింది, ఎవరు ఏ సినిమాకి ఎన్ని స్టార్లు ఇస్తారో మేము వేసే అంచనాని 10 శాతం మెరుగుపరిస్తే 10 లక్షల డాలర్లు ఇస్తామని. 2009లో ఒక టీమ్ గెలిచింది, డబ్బూ ఇచ్చారు, కానీ చివరికి గెలిచిన ఆ పద్ధతిని పూర్తిగా వాడుకోలేదు, పెట్టాల్సిన శ్రమకి తగ్గ లాభం కనిపించలేదని వాళ్ళే చెప్పారు. నాకు ఇందులో కనిపించేది ఒక్కటే. నేను ఒక సినిమాకి ఎన్ని స్టార్లు ఇస్తానో ఎంత బాగా లెక్కగట్టినా, ఈ రాత్రి నాకేం కావాలో ఆ లెక్కలో ఉండదు. పక్కన అమ్మ కూర్చుందా, నేను ఒక్కదాన్నే ఉన్నానా, రేపు పొద్దున్నే లేవాలా, తల నొప్పిగా ఉందా, ఇవేవీ దానికి తెలియవు. సగంలో నాకు నిద్ర పట్టేసి సిరీస్ దానంతట అదే మూడు ఎపిసోడ్లు నడిస్తే, నాకు తెగ నచ్చిందనుకుని అలాంటివే వరుస కట్టిస్తుంది.

ఊహించడం ఎందుకండీ, నన్ను అడగొచ్చు కదా! ఎంతసేపు ఉంది నీ దగ్గర, 90 నిమిషాలా, సరే, 90 నిమిషాల లోపువి ఇవిగో. 'చూసేశాను' అని ఒక బటన్, అది నొక్కితే ఆ సినిమా అన్ని వరుసల్లోంచీ పోవాలి. సగంలో ఆపినవి రోజుకో చోటికి మారకుండా ఎప్పుడూ పైనే ఉండాలి, ఎండ్ టైటిల్స్ మాత్రమే మిగిలిన సినిమాని ఇంకా 'కంటిన్యూ' చేయమని చూపించకూడదు. సెర్చ్‌లో పేరు కొడితే, లేనిది లేదని ముందు చెప్పాలి, ఆ తర్వాత కావాలంటే అలాంటివి చూపించండి. ఇప్పుడైతే పేరు మొత్తం ఒక్కో అక్షరమే ఏరుకుంటూ కొట్టాక, సంబంధం లేని ఇరవై పోస్టర్లు వచ్చి పడతాయి, వాటిలో నేను అడిగింది ఉందా లేదా అని నేనే వెతుక్కోవాలి.

ఇవి చేయలేనంత కష్టమైనవి కావు. నా అనుమానం ఏమిటంటే, సరైన ఫిల్టర్ ఇస్తే లోపల నిజంగా ఎన్ని సినిమాలున్నాయో తేలిపోతుంది, ఒకే సినిమా నాలుగు వరుసల్లో కనబడితే లైబ్రరీ పెద్దదిగా అనిపిస్తుంది. అయినా జనం గట్టిగా అడిగితే మారతారు. ట్రైలర్లు వాటంతట అవే మొదలవడం మీద ఏళ్ళ తరబడి గొడవ చేస్తే, 2020 ఫిబ్రవరిలో నెట్‌ఫ్లిక్స్ దాన్ని ఆపుకునే సెట్టింగ్ ఇచ్చింది. మీరు వాడుతున్న సర్వీసులో ఫీడ్‌బ్యాక్ ఎక్కడుందో వెతికి, ఏది కావాలో ఒక్కటి స్పష్టంగా రాయండి.

ఈలోపు మన చేతిలో ఉన్నది చేద్దాం. చాలా సర్వీసుల్లో అకౌంట్‌లోకి వెళ్తే వ్యూయింగ్ హిస్టరీ ఉంటుంది, అందులో మీరు నిజంగా చూడనివి, పిల్లలు మీ ప్రొఫైల్‌లో పెట్టుకున్నవి తీసేయొచ్చు. ఇవాళ పొద్దున నేను కూర్చుని ఒక్కొక్కటీ తీసేశాను. సగంలో ఆపిన వాటి వరుసలో ఇప్పుడు రెండే ఉన్నాయి, రెండూ నేను చూస్తున్నవే.