లుంగీ కట్టుకున్నవాళ్ళెవరండీ?
(హైదరాబాద్‌లో స్కేల్ మోడల్ ప్రదర్శన ముగింపు రోజు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే చదివారు, మళ్ళీ నేను చదివితే వాళ్ళకే విసుగు. నన్ను రంగుల గురించి మాట్లాడమని పిలిచారు. ప్రైమర్, వాష్, డ్రై బ్రష్. మాట్లాడతాను. ముందు ఒక్క మాట చెప్పుకోనివ్వండి.

బయట బల్లలన్నీ చూసి వచ్చాను. పారాట్రూపర్ల (విమానంలోంచి పారాచూట్‌తో దూకే సైనికుల) డయోరమాలు, అంటే ఒక దృశ్యాన్ని చిన్న బొమ్మలతో నిలబెట్టినవి, చాలానే ఉన్నాయి, సంతోషం. రెండో ప్రపంచయుద్ధంలో వాళ్ళు దిగిన నార్మండీ ఉంది, ఆర్నెమ్ ఉంది, పక్క బల్ల మీద మళ్ళీ నార్మండీ. 1944 జూన్ 6న దాదాపు 13 వేల మంది అమెరికన్లు నార్మండీలో గొడుగులతో, అదే పారాచూట్లతో, దూకారు. మన హైదరాబాద్ కుర్రాళ్ళు ఈపాటికి అంతమందినీ మళ్ళీ దింపేసి ఉంటారు. తప్పు పట్టడం లేదు బాబూ, నవ్వకండి. ఆ కిట్ దొరుకుతుంది, పెట్టె మీద బొమ్మ ఉంటుంది, ఏ బెల్టుకు ఏ రంగో కాగితం మీద ఉంటుంది. టామియా అనే జపాన్ కిట్ల కంపెనీ వాడైతే బ్రిటిష్ పారాట్రూపర్లతో పాటు చిన్న మోటారు సైకిల్ కూడా పెట్టి ఇస్తాడు. మన సైన్యపు రెండో పారా బెటాలియన్ బంగ్లాదేశ్ యుద్ధంలో అక్కడి టాంగైల్‌లో దిగిన దృశ్యానికి మాత్రం నాకు ఏ దుకాణంలోనూ పెట్టె కనబడలేదు.

1971 డిసెంబర్ 11, సాయంత్రం వేళ. కలైకుండ నుంచి, దమ్ దమ్ నుంచి లేచిన ఆంటనోవ్, ప్యాకెట్, డకోటా, క్యారిబూ విమానాలు. కింద లోహాజంగ్ నది మీద పూంగ్లీ వంతెన. ఉత్తరం నుంచి ఢాకా వైపు వెనక్కి వెళ్తున్న పాకిస్తాన్ బ్రిగేడ్‌ను అక్కడ అడ్డుకోవాలి. మనవాళ్ళ నాయకుడు లెఫ్టినెంట్ కర్నల్ కుల్వంత్ సింగ్ పన్ను. మర్నాడు మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ వచ్చి కలిసింది. పుస్తకాల్లో ఇంతే ఉంటుంది. నేను డయోరమాగా చేసింది మాత్రం ఈ మధ్యలోని సంగతి. గొడుగులు నేలను తాకాక, పెట్టెలు పొలాల్లో చెల్లాచెదురుగా పడ్డాక, చీకటి పడేలోపు వాటిని వంతెన దాకా ఎవరు మోశారు?

ఊరివాళ్ళు మోశారు. లుంగీలు పైకి మడిచి కట్టి, మందుగుండు పెట్టెలు నెత్తినెత్తుకుని మోశారు.

ఇప్పుడు నా బాధ చెప్తాను. రంగులు ఎక్కడికీ పోవు. ఆ డయోరమాను వేరే ఊళ్ళో పోటీకి తీసుకెళ్ళాను. ఊరి పేరు వద్దు. న్యాయనిర్ణేత ఒకాయన కళ్ళద్దాలు సవరించుకుని, "ఈ లుంగీ కట్టుకున్నవాళ్ళెవరండీ? సైనికుల కంటే వీళ్ళే ఎక్కువున్నారు" అన్నారు. చెప్పాను. విన్నారు. విని, దాన్ని మిలిటరీ విభాగం నుంచి తీసి 'ఇతరములు'లో పెట్టించారు. ఒక పక్క రైల్వే స్టేషన్, ఇంకో పక్క ఎడ్లబండి. బహుమతి రాలేదని కాదండీ. బహుమతి ఎవడిక్కావాలి? (సరే, కొంచెం కావాలి.) కానీ ఆ మనుషులు లేకుండా ఆ సాయంత్రం ఎలా గడిచేదో మీరే చెప్పండి. వెనక వరుసలో ఎన్‌సీసీ పిల్లలున్నారు, మీరు చెప్పండి! బంగ్లాదేశ్ విముక్తి కోసం పోరాడిన గెరిల్లా నాయకుడు కాదర్ సిద్దిఖీ మనుషులు ఆ ఇలాకాలో ముందునుంచే ఉన్నారు. మన కెప్టెన్ పి.కె. ఘోష్‌ను డ్రాప్‌కు (గొడుగులు దిగడానికి) చాలా ముందే వాళ్ళ దగ్గరికి పంపారు. మరి 'ఇతరములు' ఎవరు?

ఫోటోలో అలా లేదు కదా అంటారు. ఫోటో సంగతి కూడా వినండి. డ్రాప్ ఫోటో చేతిలో లేక, ఆర్మీ పౌరసంబంధాల అధికారి ఆగ్రాలో పారా బ్రిగేడ్ అంతకుముందు చేసిన విన్యాసం ఫోటో పత్రికలకు ఇచ్చారు. ఆకాశం నిండా గొడుగులు! దిగింది ఒక బెటాలియన్, దాని వెంట ఫిరంగులవాళ్ళూ మరికొందరూ. బ్రిగేడ్ మొత్తం, అయిదు వేల మంది దిగారని విదేశీ వార్తల్లో వచ్చింది. యుద్ధానికి అది మంచిదే అయింది. కానీ ఆ ఫోటో ముందు పెట్టుకుని డయోరమా చేశామనుకోండి, టాంగైల్ బూట్ల కింద ఆగ్రా మట్టి వస్తుంది.

మట్టి అన్నాను కాబట్టి, అది చెప్పి రంగులకు వస్తా. డిసెంబర్‌లో అక్కడ వరి కోత అయిపోతుంది. పొలంలో ఉండేవి కొయ్యకాళ్ళు. రెడీమేడ్ గడ్డి చాప పరిచారంటే గోల్ఫ్ మైదానంలో దిగినట్టుంటుంది. కొబ్బరి పీచు బ్రష్ కొనుక్కుని కత్తిరించుకోండి. జానెడు కొయ్యకాలు 1/35 స్కేల్లో, అంటే అసలులో ముప్ఫై అయిదో వంతులో, ఆరు మిల్లీమీటర్లు. ఇక గొడుగు: రెండో ప్రపంచయుద్ధం నాటిది 28 అడుగుల అడ్డకొలత, మన కొలతలో 24 సెంటీమీటర్లు. పక్కన నిలబడ్డ మనిషి అయిదు సెంటీమీటర్లు కూడా ఉండడు. టిష్యూ కాగితాన్ని నీళ్ళు కలిపిన ఫెవికాల్‌లో తడిపి, దారాలు లాగి, గాలికి సగం లేచినట్టు ఆరనివ్వాలి. గాల్లో తేలుతున్న గొడుగు పెడతానంటారు కొందరు. వెయ్యి అడుగుల ఎత్తు ఇదే స్కేల్లో దాదాపు తొమ్మిది మీటర్లు. ఈ హాలు కప్పు చాలదు. అందుకే నేల మీదికి రండి, మనుషులు దొరికేది అక్కడే.

మనుషులంటే గుర్తొచ్చింది, ఇంకొకాయన. లెఫ్టినెంట్ కర్నల్ రంగరాజ్. 1941లో హవల్దార్ మేజర్ మథురా సింగ్‌తో కలిసి భారతీయుల్లో మొదటిసారి గొడుగుతో దూకిన డాక్టరు. తర్వాత కొరియాలో 60వ పారా ఫీల్డ్ ఆంబులెన్స్‌కు నాయకత్వం వహించారు. 1951 మార్చిలో మున్సాన్ దగ్గర అమెరికన్ 187వ రెజిమెంట్‌తో పాటు వాళ్ళలో 12 మంది దూకారు. మహావీర చక్ర వచ్చింది ఆయనకు. స్ట్రెచర్లు, కట్లు, గాయపడ్డవాళ్ళు. ఎవరైనా చేయండయ్యా! చేస్తే దాన్ని కూడా 'ఇతరములు'లో పెడతారేమో, అయినా చేయండి.

ఆ, రంగులు. చీటీ వచ్చింది, టైం అయిపోతోందట. ఒక్కటే చెప్తా. ఉతికి ఉతికి వెలిసిన లుంగీకి పెట్టెలో ఉన్న నీలం వేయకండి. ముందు బూడిద రంగు కలిపిన నీలం, దాని మీద పల్చటి గోధుమ రంగు వాష్ (నీళ్ళగా కలిపిన రంగు పూత), గళ్ళు చివర్లో, సన్న కుంచెతో, మడతల్లో తెంచుతూ. తల మీద బరువున్నవాడి మెడ నిటారుగా ఉంటుంది, చూపు ఎదురుగా ఉంటుంది. కొనుక్కున్న రెజిన్ తలకాయలన్నీ పక్కకు తిరిగి శత్రువును వెతుకుతుంటాయి, అవి పనికిరావు. గంఛాతో (బెంగాలీ తువ్వాలుతో) చుట్టకుదురు చేసి పెట్టండి.

లుంగీ చేయడానికి రాణిగంజ్‌లో కొన్న ఎం-సీల్ (రెండు ముద్దలు కలిపితే గట్టిపడే పుట్టీ) తెచ్చాను. టాల్కం పౌడర్ చల్లి పల్చగా ఒత్తి, సగం గట్టిపడ్డాక కాళ్ళకు చుట్టాలి. టీ తాగి వెనక బల్ల దగ్గరికి రండి, చేసి చూపిస్తా. న్యాయనిర్ణేతలు కూడా రావచ్చు, వాళ్ళకు ముందు వరుస.