కాలువ గొడవ, ప్లీడరు నోటీసు: విజయవాడ ఫోన్-ఇన్ నుంచి

యాంకర్: నమస్కారం. రాజకీయాల్లో కేసులు, వాటి ఖర్చుల గురించి ఈ రోజు అడ్వకేట్ గారిని అడగొచ్చు. మొదటి కాలర్ అజిత్‌సింగ్ నగర్ నుంచి. చెప్పండి.

కాలర్: సార్, నమస్కారం. నేను రిటైర్డ్ ఉద్యోగిని. మా వీధిలో సైడు కాలువ ఉంది సార్, సగం తవ్వి వదిలేశారు. వానకాలం మొత్తం ఆ నీళ్ళు మా గేటు దగ్గరే. మా ఆవిడ ఒకసారి జారి కూడా పడింది. కాంట్రాక్టరును అడిగితే బిల్లు అయిపోయిందన్నాడు. నేనేమో...

అడ్వకేట్: మాస్టారూ, కాలువ తర్వాత. కేసేమిటి?

కాలర్: అదే సార్. వార్డు వాట్సాప్ గ్రూపులో ఒక మాట రాశాను. మా నాయకుడు కాలువ డబ్బులు తిన్నాడని. నిన్న ప్లీడరు నోటీసు వచ్చింది. 15 రోజుల్లో క్షమాపణ చెప్పాలి, 50 లక్షలు కట్టాలి అని. నా పెన్షన్ ఎంతనుకుంటున్నారు సార్? 50 లక్షలు కట్టాల్సిందేనా?

అడ్వకేట్: నోటీసు మీద కోర్టు సీలు ఉందా?

కాలర్: లాయరు గారి లెటర్‌హెడ్ ఉంది.

అడ్వకేట్: అయితే అది కోర్టు కాగితం కాదు. మీ నాయకుడు అడిగాడు, అంతే. 50 లక్షలు కావాలంటే సివిల్ దావా వేయాలి, ఆ మొత్తానికి తగ్గ కోర్టు ఫీజు ముందు ఆయనే కట్టాలి. అందుకే నోటీసులో పెద్ద అంకె ఉంటుంది, దావా దాకా వచ్చేసరికి చాలాసార్లు చిక్కిపోతుంది. పరువు నష్టం దావాకు ఏడాదే గడువు. కవరు దాచారా?

కాలర్: చించి పారేశాం సార్.

అడ్వకేట్: అయ్యో! కవరు మీద తారీఖు ఉంటుందండి. నేను ప్రతి వారం చెబుతాను, ఒక్క కాగితం పారేయొద్దు. ఫోన్లో మెసేజ్ కూడా అలాగే ఉంచండి.

కాలర్: మరి పోలీసులు వచ్చి తీసుకెళ్తారా సార్? మా అబ్బాయి టెన్షన్ పడుతున్నాడు.

అడ్వకేట్: రారు. పరువు నష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 356 సెక్షన్. పాత ఐపీసీ 499, 500 సెక్షన్ల బదులు 2024 జూలై 1 నుంచి ఇదే. రెండేళ్ళ దాకా శిక్ష ఉంది గానీ బెయిలబుల్, పోలీసులు నేరుగా అరెస్టు చేసే నేరం కాదు. ఆయన మేజిస్ట్రేట్ దగ్గర ప్రైవేటు కంప్లైంట్ వేసుకోవాలి. ఈ సెక్షనే తీసేయమని సుప్రీంకోర్టుకు వెళ్తే 2016లో కుదరదంది, కాబట్టి తేలిగ్గా తీసుకోవద్దు. ఇంతకీ తిన్నాడనడానికి మీ దగ్గర ఏముంది?

కాలర్: ఊరంతా అంటున్నారు సార్.

అడ్వకేట్: ఊరు సాక్షి బోను ఎక్కదండి. "బిల్లు అయింది, కాలువ సగమే ఉంది, మిగతా డబ్బేమైంది?" అని రాస్తే పౌరుడి ప్రశ్న. "తిన్నాడు" అంటే రుజువు చేసే బరువు మీ నెత్తినే పడుతుంది. సమాచార హక్కు కింద ఎంబుక్, అంటే జరిగిన పని కొలతలు రాసే పుస్తకం, దాని నకలు, బిల్లు కాపీ అడగండి. 10 రూపాయల ఫీజు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఫోటోలు తీసి పెట్టుకోండి. 15 రోజుల్లోపు లాయరు చేత జవాబు ఇప్పించండి, ఇచ్చిన డబ్బుకు రసీదు తీసుకోండి.

కాలర్: గెలిస్తే నా ఖర్చులు తిరిగొస్తాయా సార్?

అడ్వకేట్: కొంత రావొచ్చు, పెట్టినంత రాదు. తప్పుడు దావా వేశాడని కోర్టు తేల్చినా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 35ఎ కింద పరిహారంగా ఇప్పించగలిగేది 3,000 రూపాయలకు మించదు. వాయిదాకు వెళ్ళొచ్చే ఆటోలకే అయిపోతుంది.

కాలర్: అంటే 50 లక్షలు...

అడ్వకేట్: మాస్టారూ! కట్టక్కర్లేదు, జవాబు ఇవ్వండి.

యాంకర్: థాంక్యూ అండి. గుంటూరు నుంచి ఇంకొకరు.

కాలర్: మా నాయకుడు ఎమ్మెల్యేగా ఓడిపోయారు. ఎన్నిక చెల్లదని కేసు వేయాలంటే?

అడ్వకేట్: ఫలితం వచ్చిన 45 రోజుల్లో, హైకోర్టులోనే. పోటీ చేసినవారైనా, ఓటరైనా వేయొచ్చు. డిపాజిట్ 2,000 రూపాయలు. ఆ అంకె చూసి సంతోషించకండి, మీరు కొనబోయేది లాయర్ల టైము. గడువు దాటిందా?

కాలర్: దాటింది సార్.

అడ్వకేట్: అయితే ఇంతే.

యాంకర్: తర్వాత కృష్ణలంక నుంచి ఒక అక్క.

కాలర్: అయ్యా, ధర్నాకు వెళ్ళినందుకు నా మీద కేసుంది. తీసుకెళ్ళినవాళ్ళు ఫోనే ఎత్తరు. వాయిదాకు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది, లాయరుకు ఇచ్చుకోలేను.

అడ్వకేట్: అమ్మా, మీరు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలో ఉంది. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసుకు వెళ్ళండి, లేదా 15100కు ఫోన్ చేయండి. రాలేని రోజు లాయరు చేత పిటిషన్ వేయించండి. చెప్పకుండా మానితే వారెంటు వస్తుంది, అది మాత్రం చేయకండి. రాసుకున్నారా?

కాలర్: మా పాప రాసుకుంటోందయ్యా. ఒకటి, ఐదు, ఒకటి...

అడ్వకేట్: సున్నా, సున్నా.

యాంకర్: సరే అమ్మా. తెనాలి కాలర్... హలో? లైన్ కట్టయింది. మొదటి కాలర్ మళ్ళీ లైన్లోకి వచ్చారు, త్వరగా చెప్పండి.

కాలర్: సార్, మెసేజ్ ఉంచమన్నారా, తీసేయమన్నారా? మా అబ్బాయి కంగారులో ఇప్పుడే డిలీట్ కొట్టేశాడు. నా ఫోన్లో పోయింది. గ్రూపులో మిగతావాళ్ళ ఫోన్లలో అలాగే ఉందట.

అడ్వకేట్: అంటే వాళ్ళ దగ్గర ఉంది, మీ దగ్గరే లేదన్నమాట. మంచి పని చేశాడు! ముందు ఆ ఫోను అబ్బాయి చేతిలోంచి తీసుకోండి.